పెన్సిల్ టిక్కు

మా ఆయన ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చిన రోజే దాన్ని పొయ్యిలో పెట్టేసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ఎండలు ముదురుతున్న రోజులవి. సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ చంకలో నల్లట్ట పుస్తకం ఒకటి పెట్టుకొచ్చాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, తువ్వాలుతో తడి లేకుండా తుడుచుకుని, అప్పుడు గాని దాన్ని తెరవలేదు. నా చేతి టీ తాగేటప్పుడు కూడా అంత మర్యాద ఎప్పుడూ చూపించలేదు.

"ఏమిటండీ అది?" అన్నాను.

"సారు కొత్త బండి బుక్ చేశాడు. కరెంటుది. ఇంకా బయటికి రాలేదు, నెలరోజుల్లో వస్తుందట. మొదటి వంద మందికి తక్కువ ధర. ఏయే హంగులు కావాలో చూసి టిక్కులు పెట్టుకు రమ్మన్నాడు."

"ఆయన కొనే బండికి మీరు టిక్కులు పెట్టడమేంటి?"

"బండి సంగతి నాకంటే నీకే బాగా తెలుసయ్యా అన్నాడే." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. బళ్ళో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడిలా వెలిగిపోతోంది.

ఇరవై రెండేళ్ళు ఆ సారు ఇంట్లోనే డ్రైవరు. ఆ ఇరవై రెండేళ్ళలో నాలుగు బళ్ళు మారాయి, మా ఆయన మారలేదు. ఒక్క గీత పడనివ్వలేదు ఏ బండికీ. గీత పడింది మా ఆయన నడుముకే. నాలుగేళ్ళ క్రితం ఒకరోజు బండి దిగి, నిటారుగా నిలబడలేక, తలుపు పట్టుకుని పది నిమిషాలు అలాగే వంగి ఉండిపోయాడు. వెన్నుపూసల మధ్య అరిగిందన్నాడు డాక్టరు. నడుముకి సరైన ఆసరా ఉన్న సీటులో కూర్చుంటే ఇంకో పదేళ్ళు నడపొచ్చు, లేకపోతే ఈ పని మానెయ్యి, మానకపోతే నేనేం చెయ్యలేనని తేల్చి చెప్పేశాడు.

నేను కార్ల సీట్లకి కవర్లు కుట్టే షాపులో పదహారేళ్ళుగా పని చేస్తున్నాను. ఏ సీటునైనా ఒకసారి అరచేత్తో నొక్కితే లోపలి ఫోమ్ ఎంత దళసరో, ఎన్నాళ్ళకి కుంగుతుందో చెప్పేస్తాను. పాత బండిలో మా ఆయన నడుం వెనక పెట్టుకోడానికి చిన్న దిండు కుట్టిచ్చాను. గట్టి ఫోమ్, పైన నూలు గుడ్డ. ఏటా ఒకటి కొత్తది. ఆ దిండుతోనే నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు.

కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకం చదవడం మొదలుపెట్టాడు. పక్కనే మా అత్తయ్య తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆవిడకి డెబ్బై ఏళ్ళు దాటాయి, చెవులు, నోరు రెండూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

"మూడు రకాలుంటాయి" అని చెప్పసాగాడు మా ఆయన. "అన్నిటికంటే కిందది కంఫర్ట్. మధ్యది లగ్జరీ. పైది సుప్రీమ్. మన సారు సుప్రీమే తీసుకుంటున్నాడు."

"మన సారు" అన్నాను నేను.

ఆయన వినిపించుకోలేదు. "సుప్రీమ్‌లో వెనక సీట్లు పూర్తిగా పడుకుంటాయి. కాళ్ళు చాపుకోడానికి బల్ల లేస్తుంది. ఒళ్ళు పట్టే ఏర్పాటుంది. చిన్న ఫ్రిజ్ ఉంది. లోపల దీపాలు అరవై నాలుగు రంగులు మారతాయి."

"ఒరేయ్, నడుపుతున్నది కారా, పెళ్ళి పందిరా?" అంది అత్తయ్య.

"ఇవన్నీ వెనక సీటుకి. ముందు సీటుకేముంది?" అన్నాను నేను.

ఆయన పేజీలు తిప్పాడు. ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. చిట్టచివర, అక్షరాలు బాగా చిన్నవయ్యే చోట దొరికింది. 'డ్రైవర్ సీటు సౌకర్యాల ప్యాక్.' నడుముకి ఆసరా, సీటులోంచి చల్లగాలి. మూడు రకాల్లో దేనికీ ఇది ఉచితం కాదు, సుప్రీమ్‌కి కూడా. విడిగా కొనాలి. ధర చూసి నేను వేళ్ళు మడిచి లెక్కేశాను. మా ఆయన రెండు నెలల జీతం. సరిగ్గా దాని పై వరసలోనే 'సువాసనల ప్యాక్' ఉంది. బండిలోకి నాలుగు రకాల సెంటు వాసనలు వదిలే డబ్బీ. దాని ధర కూడా అంతే, పైసా తేడా లేదు.

"కింది రకానికి కంఫర్ట్ అని పేరెందుకు పెట్టారో, ఎవరి కంఫర్టో" అన్నాను. నాకప్పుడే ఒళ్ళు మండడం మొదలైంది.

ఆ తర్వాత మా ఆయన చేసిన పని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జేబులోంచి నీలం పెన్ను తీసి, సారుకి కావలసినవన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ టిక్కులు పెట్టాడు. పడుకునే సీట్లకి, ఫ్రిజ్‌కి, అరవై నాలుగు రంగులకి, ఆఖరికి ఆ సెంటు డబ్బీకి కూడా. "సారుకి పాత బండిలో ఏసీ వాసన పడేది కాదే" అన్నాడు. అన్నీ అయ్యాక లేచి వెళ్ళి, నేను కవర్లకి కొలతలు గీసుకునే పెన్సిల్ వెతుక్కొచ్చాడు. దాని మొన చాకుతో చెక్కి, డ్రైవర్ సీటు ప్యాక్ పక్కన చిన్న టిక్కు పెట్టాడు. పెట్టాడో లేదో కూడా తెలియనంత పల్చగా.

"అదేంటండీ, అదొక్కటి పెన్సిల్‌తో?"

"సారు వద్దంటే చెరిపేసుకోడానికి ఇబ్బంది ఉండకూడదు కదా."

"మీ నడుం కూడా చెరిపేస్తే పోయేదేనా?" పెన్ను లాక్కోబోయాను. ఆయన పుస్తకం మూసి గుండెలకి హత్తుకున్నాడు.

"నీకు దణ్ణం పెడతాను, అలాంటివి చెయ్యకే. అడక్కుండా చేసే మనిషి ఆయన. చూస్తాడు, అర్థం చేసుకుంటాడు."

ఆ రోజు నేను ఇంకాస్త గట్టిగా లాగాల్సింది. నోట్లో నాలుక లేని మొగుడి మీద జాలిపడి వదిలేశాను. అది నా తప్పు.

నాలుగు రోజుల తర్వాత సారుతో కలిసి షోరూమ్‌కి వెళ్ళొచ్చాడు. సంతోషంగానే వచ్చాడు, అదే నాకు అనుమానం. టీ తాగుతూ మెల్లగా విషయం చెప్పాడు. షోరూమ్ అమ్మాయి టిక్కులన్నీ కూడిందట. మొత్తం ఒక గీత దాటిందట. ఆ గీత దాటితే పన్ను పై మెట్టుకి వెళ్ళిపోతుంది. ఏదో ఒకటి తీసెయ్యాలి.

"ఈ రెండూ ఒకటే ధర సార్, ఒకటి తీసేస్తే సరిపోతుంది అని ఆ అమ్మాయే చూపించింది. సెంటు డబ్బీ ఒకటి, నా సీటు ఒకటి. పైగా, 'సార్, ఇక్కడ పెన్సిల్‌తో ఉంది, ఇది కావాలా వద్దా?' అని అడిగింది."

"సారేమన్నాడు?"

"పెన్సిలే కదమ్మా, వాడికే అంత గట్టిగా లేదు, తీసెయ్ అన్నాడు."

నా చేతిలో గ్లాసు నేలకేసి కొట్టాలనిపించింది. "మీరు పక్కనే ఉన్నారా?"

"ఉన్నాను."

"ఏమన్నారు?"

"ఏమంటానే? ఆయన డబ్బు, ఆయన బండి. ఆయన కూర్చునేది వెనక." గ్లాసు కింద పెట్టి, "పోనీలే, ఏడాదిపాటు ఒకటి ఉచితంగా ఇచ్చారు. డ్రైవర్‌ని కనిపెట్టుకుని ఉండే కెమెరా. మనిషి కునుకు తీస్తే తెలిసిపోతుందట. సారుకి తెగ నచ్చింది" అన్నాడు.

అత్తయ్య కాసేపు కొడుకు వంక చూసింది. "అంటే ఏంట్రా, నీ వీపుకి ఆసరా అక్కర్లేదు గాని నీ మొహానికి కాపలా కావాలన్నమాట. బాగుంది నీ వెనక సీటాయన యవ్వారం" అంది.

ఆ రోజు నుంచీ సారుకి మా ఇంట్లో అదే పేరు. వెనక సీటాయన. ఆయన చెడ్డవాడు కాదని మా ఆయన వందసార్లు చెప్పాడు. నిజమే, తిట్టడు, జీతం ఆపడు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఎలా ఉందని అడుగుతాడు. చెడ్డవాడైతే మనసారా తిట్టుకునే సుఖమైనా ఉండేది నాకు.

నడి ఎండాకాలంలో బండి వచ్చింది. మొదటిరోజే సారుని దింపి వస్తూ మా వీధి మీదుగా తెచ్చాడు, చూపించడానికి. వెన్న రంగు తోలు సీట్లు, చప్పుడు లేని బండి. బాగుంది, కాదనను. నేను మాత్రం డ్రైవర్ సీటు దగ్గరే ఆగాను. వీపు ఆనే చోట అరచేత్తో నొక్కాను. నడుం దగ్గర గుంటలా లోపలికి పోయింది. పదహారేళ్ళుగా సీట్లు నొక్కుతున్నదాన్ని, ఆ చోట అంత గుల్లగా ఎందుకుందో అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. దిండు తెచ్చి పెట్టాను.

మూడో రోజు దిండు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"సారు తీసెయ్యమన్నాడు. లోపలంతా అంత అందంగా ఉంటే మధ్యలో ఆ దిండేంటయ్యా అన్నాడు. న్యాయమే కదే, నూలు గుడ్డ అక్కడ బాగుండదు."

"తోలు కవరుతో కుట్టిస్తాను, అదే రంగు."

"వద్దులే. అలవాటవుతుంది."

అలవాటు కాలేదు. బయట నిప్పులు చెరిగే ఎండ. సారు మీటింగుల్లో ఉన్నంతసేపూ బండిలోనే ఉండాలి. వీపంతా చెమట, నడుం కింద సూదులు. కాసేపు ఎడమకి ఒరిగేవాడు, కాసేపు కుడికి. సిగ్నల్ పడితే సీటుకి అరచేతులు ఆనించి శరీరాన్ని కాస్త పైకెత్తి, పళ్ళ బిగువున గాలి పీల్చి, మళ్ళీ కూర్చునేవాడు. ఇంటికొచ్చాక మంచం మీదికి ఎక్కలేక నేల మీద వెల్లకిలా పడుకునేవాడు. అత్తయ్య కొడుకు నడుం కింద వేడినీళ్ళ సంచి పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూర్చునేది. మాట్లాడకుండా కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు, అందుకే నాకు భయం వేసింది.

అప్పుడు మొదలయ్యాయి హెచ్చరికలు.

అద్దం పక్కన గోరంత కెమెరా. మా ఆయన ఒరిగినప్పుడల్లా, తల కాస్త వంచినప్పుడల్లా, కళ్ళు గట్టిగా మూసి తెరిచినప్పుడల్లా అది చూస్తుంది. చూసి సారు ఫోన్‌కి కబురు పెడుతుంది. మొదటి వారంలో సారు నవ్వుతూ అడిగాడట, "ఏమయ్యా, రాత్రి నిద్రపోవడం లేదా?" అని. రెండో వారంలో నవ్వలేదు. మూడో వారం ఒకరోజు బండి దిగి, తలుపు దగ్గరే నిలబడి, ఫోన్ చూపించి చెప్పాడట.

"పందొమ్మిది రోజుల్లో నలభై ఒక్క హెచ్చరికలయ్యా. నీ మీద కోపం కాదు. వయసు మీద పడుతోంది. నెలాఖరు దాకా చెయ్యి, తర్వాత ఎవరైనా కుర్రాణ్ణి చూసుకుంటాను. నీకు రావలసింది ఇచ్చేస్తాను."

మా ఆయన అది నాకు వంటగది గుమ్మంలో నిలబడి చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఇరవై రెండేళ్ళలో ఒక్క చలానా లేదే నాకు. నేను నిద్రపోతున్నానట" అన్నాడు. ఉద్యోగం పోయిందని కాదు, ఆ మాట పడలేకపోయాడు. నిద్రపోయే డ్రైవరు అనిపించుకోవడం కంటే ఎవరైనా నాలుగు తగిలించినా ఊరుకునేవాడు.

"నడుం నొప్పి వల్ల కదులుతున్నానని చెప్పారా?"

"చెబితే నడుం నొప్పి ఉన్నవాడు నాకెందుకంటాడు."

ఏ దారిలో వెళ్ళినా గోడే. ఆ వెనక సీటాయన ఇంటికెళ్ళి నాలుగూ దులిపేద్దామనుకున్నాను. మా ఆయన ఒట్టు పెట్టించుకున్నాడు. అవకాశం సారే ఇచ్చాడు.

నెలాఖరుకి ఇంకా అయిదు రోజులుందనగా బండిని మా షాపుకే పంపాడు. డ్రైవర్ సీటుకి కవరు కుట్టాలట. చెమట మరకలు పడి వెన్న రంగు తోలు పాడవుతోందట. కొత్త డ్రైవరు వచ్చేలోపు అయిపోవాలట.

"మీ చెమటకి నన్ను కవరు కుట్టమన్నాడా?" అన్నాను.

"ఇంకెవరు కుట్టినా సరిగ్గా కుదరదని నేనే చెప్పాను" అన్నాడు మా ఆయన. ఈ మనిషితో నేనేం చెయ్యను!

సీటుకి కవరు కుట్టాలంటే కింద నుంచి మొదలుపెట్టాలి. పట్టీలు ఎక్కడ బిగించాలో, అడుగున వైర్లు ఎటు పోతున్నాయో చేత్తో తడిమి చూసుకోవాలి, లేకపోతే సూది ఎందులో దిగుతుందో తెలియదు. నేల మీద పడుకుని చెయ్యి లోపలికి పెట్టాను. వేళ్ళకి చిన్న మోటారు తగిలింది. దాని పక్కన ఇంకొకటి, గుండ్రంగా, రెక్కలతో. ఫ్యాను. వైర్లు రెండిటికీ తగిలించే ఉన్నాయి. సీటు వెనక జిప్పు కొద్దిగా తీసి చూశాను. నడుం దగ్గర, నేను ఆ రోజు నొక్కితే గుంటపడిన చోట, చపాతీలా ముడుచుకుని రబ్బరు గాలి సంచి. గాలి ఎక్కితే నడుముకి ఆసరా ఇచ్చేది అదే. ఖరీదైన బళ్ళలో పది చూశాను, నాకు తెలియకపోవడమేంటి.

కాసేపు అలాగే పడుకుండిపోయాను. తర్వాత షోరూమ్ అమ్మాయికి ఫోన్ చేశాను. వాళ్ళ దగ్గర కొన్న బళ్ళకి కాళ్ళ కింది పట్టాలు మా షాపు నుంచే వెళ్తాయి, అందుకని ఆ అమ్మాయి నాకు బాగా తెలుసు.

"సీటు ప్యాక్ కొనలేదు కదమ్మా, మరి ఇందులో మోటారెందుకుంది, ఫ్యానెందుకుంది?"

"అన్ని బళ్ళలోనూ ఉంటాయక్కా. మూడు రకాలకీ సీటు ఒకటే. రెండు రకాల సీట్లు చెయ్యడం కంటే ఒకటే చేసి తాళం వెయ్యడం కంపెనీకి చవక. డబ్బు కడితే ఫోన్‌లోంచే తెరుచుకుంటుంది, ఇక్కడికి రానక్కర్లేదు కూడా."

"సారుకి తెలుసా ఈ సంగతి?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "బండి ఇచ్చిన రోజే చెప్పానక్కా. నా మాట వదిలెయ్, ఆ కెమెరా హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ కిందనే అడుగుతుంది. మీ డ్రైవర్ అలసిపోయినట్టున్నారు, సీటు సౌకర్యాలు తెరవమంటారా అని. తెరవండి, తర్వాత అని రెండు బొత్తాలుంటాయి. ఏదో ఒకటి నొక్కితే గాని ఆ కబురు పోదు."

నేను ఫోన్ పెట్టేశాను. బయట బల్ల మీద మా ఆయన నడుం పట్టుకుని కూర్చుని, నేను కుట్టబోయే కవరుకి గుడ్డ రంగు సరిపోతుందా లేదా అని చూస్తున్నాడు. విన్నదంతా చెప్పాను. ఆయన గుడ్డ కింద పెట్టాడు.

"నలభై ఒక్కసార్లా?" అన్నాడు చివరికి.

"నలభై ఒక్కసార్లు."

"పద, బండి ఇచ్చేసొద్దాం."

సారు ఇంటి ముందు వాకిట్లోనే ఉన్నాడు. మబ్బు పట్టి ఉంది, గాలి స్తంభించిపోయి ఉక్కపోస్తోంది. బండి దిగిన నన్ను చూసి మర్యాదగానే పలకరించాడు. "కవరు అయిపోయిందామ్మా?"

"వెయ్యలేదండీ. వేస్తే లోపలి ఫ్యాను గాలి ఆగిపోతుంది."

"ఏ ఫ్యాను?"

"మీరు తాళం వేసి ఉంచిన ఫ్యాను. దాని పక్కనే నడుం ఆసరా కూడా ఉంది. ఒక్కసారి మీ ఫోన్ చూడండి. నలభై ఒకటో నలభై రెండో, ఆఖరిసారి వచ్చిన హెచ్చరిక కింద ఏం రాసుందో చదవండి."

ఆయన ఫోన్ తీశాడు. చదివాడు. మొహం కొద్దిగా ఎర్రబడింది. "ఇదా. ఇవన్నీ కంపెనీ వాళ్ళ ప్రకటనలమ్మా. డబ్బు గుంజడానికి రోజుకి వంద పంపిస్తారు. ఎవరు చదువుతారు?"

"పైన ఉన్నది చదివి మనిషిని పనిలోంచి తీసేశారు కదండీ. దాని కిందిది మాత్రం ప్రకటన అయిపోయిందా? రెండూ ఒకే కబురులో వచ్చాయి కదా!"

"నువ్వు ఆవేశపడకు. తనే పెన్సిల్‌తో పెట్టాడు. అంత అవసరమని నాకెలా తెలుస్తుంది? నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే నేను కాదనేవాణ్ణా?"

ఆ మాటతో నా ఒట్లు, మర్యాదలు అన్నీ గాలికి పోయాయి. "ఎందుకడుగుతాడండీ? అడక్కుండానే మీకు ఏసీ వాసన పడదని ఆయనకి తెలుసు. మీకు ఎండ ఏ పక్క నుంచి పడుతుందో తెలుసు, మీకు నొప్పి చేసే మోకాలు ఏదో తెలుసు, ఏ గుంత దగ్గర మీరు కాఫీ ఒలకబోసుకుంటారో తెలుసు. ఇరవై రెండేళ్ళు ఆయన వీపే కదా మీరు ఎదురుగా చూసింది! ఆ వీపు వంకర పోతుంటే కనబడలేదా? కనబడ్డానికి కూడా కెమెరా కావాలా?"

"ఇంక చాలు, ఊరుకో" అన్నాడు మా ఆయన నా భుజం మీద చెయ్యేసి. కోపంగా కాదు.

సారుకి నిజంగానే సిగ్గేసిందనుకుంటాను, అంత అబద్ధం చెప్పను. ఫోన్ మీద వేలితో ఒకటి నొక్కాడు. ఇంకొకటి నొక్కాడు. అంతే. నేను పాతికదాకా లెక్కపెట్టేలోపు అయిపోయింది. బండిలోంచి సన్నగా చప్పుడు వినిపించింది, తేనెటీగ ఒకటి గదిలో తిరుగుతున్నట్టు.

"కూర్చో. కూర్చుని చూడవయ్యా" అన్నాడు సారు. గొంతులో మళ్ళీ హుషారు వచ్చింది, ఏదో బహుమతి ఇచ్చినట్టు.

మా ఆయన నా వంక చూసి, వెళ్ళి డ్రైవర్ సీటులో కూర్చున్నాడు. సీటు వీపు నెమ్మదిగా ఉబ్బింది. ఆయన భుజాలు దిగాయి. తల వెనక్కి ఆనింది. కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద, గడియారంలో పదీ పది చూపించే ముళ్ళలా, ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి ఉంచాడు. ఒక నిమిషం ఉండి ఉంటాడు, అంతకంటే లేదు. తర్వాత బండి దిగాడు, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

"బాగుంది సార్. కొత్తగా వచ్చే అతనికి పనికొస్తుంది" అన్నాడు. తాళం తీసి సారు చేతిలో పెట్టాడు.

"కొత్తవాడెవరయ్యా! నువ్వే ఉండు. ఇప్పుడంతా సరిపోయింది కదా?"

"లేదు సార్. నేను నిద్రపోలేదు సార్ ఏ రోజూ. అదొక్కటి తెలిస్తే చాలు."

ఇద్దరం గేటు వైపు నడిచాం. వెనక సారు చేతిలో ఫోన్ టింగుమని మోగింది. సీటు ఖాళీగా ఉంటే కూడా ఆ కెమెరా కబురు పెడుతుందట, 'డ్రైవర్ కనబడటం లేదు' అని. దాని కింద 'తర్వాత' అని నొక్కడానికి బొత్తాం ఉంటుందో లేదో నేను కనుక్కోలేదు.

వీధి చివర బస్సు ఆగే చోట నిలబడ్డాం. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి, ఆ ఏడు మొదటివి. నెలాఖరు తర్వాత ఇల్లెలా గడుస్తుందో నాకు తెలియదు. మా షాపులో సీట్లు విప్పి బిగించే మనిషి కావాలని మా యజమాని అంటూనే ఉన్నాడు, రేపు అడగాలి. అత్తయ్యకి ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. అది కష్టమేం కాదు, వెనక సీటాయన బండి ఆయనే నడుపుకుంటున్నాడంటే చాలు, ఆవిడకి పూటంతా గడిచిపోతుంది.

మా ఆయన మాత్రం ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు వాన వంక చూస్తున్నాడు.

"ఎలా ఉందండీ సీటు?" అన్నాను.

"నిజంగా బాగుందే." చినుకుల్లోకి చెయ్యి చాపాడు. "ఆ నిమిషం నొప్పి లేదు. నాలుగేళ్ళయింది కదా, నొప్పి లేకపోతే ఎలా ఉంటుందో మర్చిపోయాను."

బస్సు వచ్చింది. ఖాళీ సీట్లున్నా ఆయన కూర్చోలేదు, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నేను కూడా పక్కనే నిలబడి, అందరూ చూస్తున్నా సరే, ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. జాలితో కాదు. కోపంతో.